ప్రింటు ఎక్కడ ఆగింది?



బద్వేలు బస్టాండులో దిగి నాలుగడుగులు వేస్తే జిరాక్స్ షాపు తగులుతుంది. పొలం పని మీద వచ్చినవాళ్లకు అడంగలు, వన్ బీ, పిల్లలకు హాల్‌టికెట్లు, పింఛను పెద్దలకు ఆధార్ కాపీలు, అన్నీ అక్కడే. మరి ఇంట్లో ప్రింటర్ దేనికంటారా? తెల్లారి ఏడింటికల్లా కడపలో పరీక్ష కేంద్రం ముందు నిలబడాల్సిన పిల్లకు హాల్‌టికెట్టు సంగతి రాత్రి పదిన్నరకు గుర్తొస్తుంది కాబట్టి. అప్పటికి షాపుల షట్టర్లన్నీ దిగి ఉంటాయి. ఇంట్లో ప్రింటరుండీ అది పలకకపోతే అప్పుడు చూడాలి ఆ ఇంటి అవస్థ.

ఈ అవస్థకు ఈమధ్య ఇంకో కారణం తోడైంది. విండోస్ 7ను మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలో వదిలేసింది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో చెల్లుచీటీ ఇచ్చింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే పాత మెషీన్లలో చాలావాటికి ఆ అర్హత లేదు. కంప్యూటరేమో నిక్షేపంలా ఉంది, పారేయబుద్ధి కాదు. తెలిసిన కుర్రవాడెవరో వచ్చి విండోస్ బదులు లైనక్స్ రకాల్లో మింటో, ఉబుంటూనో ఎక్కించి పోతాడు. నెట్టు వస్తుంది, పాటలు వస్తాయి, లిబ్రే ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసుకోవచ్చు. పైసా కట్టే పని లేదు. అంతా బాగుందనుకునేలోపల ప్రింటర్ దగ్గర బండి ఆగుతుంది.

అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. ప్రింటర్‌ను లిస్టులోంచి తీసేసి మళ్లీ పెడతారు. అప్పటికీ రాకపోతే లైనక్స్‌నే తుడిచేసి మళ్లీ ఎక్కిస్తారు. అందులో విసుగే గాని వైద్యం లేదు. ప్రింటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ పోయే వస్తువు. లైనక్స్‌లో ఆ ప్రతి చేయీ తానేం చేసిందో ఎక్కడో ఒకచోట రాసిపెడుతుంది. ఆ రాత చదివితే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, తెలిస్తే సగం పని అయినట్టే. రెండు మూడు కమాండ్లు చెప్తాను, పెన్సిలూ కాగితమూ దగ్గర పెట్టుకోండి.

ముందు ఆ చేతులేమిటో చూద్దాం. మీరు ప్రింట్ అని నొక్కగానే లిబ్రే ఆఫీసు మీ ఉత్తరాన్ని పీడీఎఫ్‌గా చేసి కప్స్ అనే ప్రోగ్రాంకు ఇస్తుంది. కప్స్ దాన్ని వరసలో పెడుతుంది. తర్వాత ప్రింటర్‌కు తెలిసిన భాషలోకి మారుస్తుంది. ఈ మార్చే భాగాన్నే మనం డ్రైవర్ అంటాం. మారిన సరుకు యూఎస్‌బీ తీగ వెంట ప్రింటర్‌లోకి పోతుంది. అక్కడ ప్రింటర్ సొంత ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, అందుకొని కాగితం మీద పెడుతుంది. ఈ కప్స్‌ను మైకేల్ స్వీట్ అనే అమెరికా ప్రోగ్రామర్ 1997లో మొదలుపెట్టాడు. 2002లో ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలోకి తీసుకుంది, 2007లో ఆయన్ను ఉద్యోగంలోకి తీసుకొని ఆ కోడ్‌నే కొనేసింది. అంచేత బెంగళూరులో ఐటీ ఆఫీసులో మ్యాక్ మీద ప్రింటు తీసే మనవడూ, బద్వేలులో పాత కంప్యూటర్ మీద తీసే తాతా వాడుతున్నది ఒకే మూలం నుంచి వచ్చిన ప్రోగ్రాం.

ఇప్పుడు తీగ దగ్గర మొదలుపెడదాం. టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరిచి ఎల్, ఎస్, యు, ఎస్, బి అని కొట్టండి. అయిదూ చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీ లేదు. ఎంటర్ నొక్కితే కంప్యూటర్‌కు యూఎస్‌బీ ద్వారా తగిలించినవన్నీ వరసగా వస్తాయి. మౌసు, కీబోర్డు, పెన్ డ్రైవు, వాటి మధ్య మీ ప్రింటర్ పేరు కనపడాలి. పేరు సరిగా లేకపోయినా నెంబరు ఉంటుంది. హెచ్‌పీదైతే సున్నా మూడు ఎఫ్ సున్నాతో, క్యానన్‌దైతే సున్నా నాలుగు ఎ తొమ్మిదితో, ఎప్సన్‌దైతే సున్నా నాలుగు బి ఎనిమిదితో మొదలవుతుంది. ఆ వరసలో ప్రింటర్ లేదంటే లైనక్స్‌ను తిట్టి లాభం లేదు. డ్రైవర్ జోలికి పోనక్కర్లేదు, తీసి పెట్టనక్కర్లేదు. తప్పు తీగదో, సాకెట్టుదో, కరెంటుదో.

తీగ ప్రింటర్ వైపు కొస చదరంగా ఉంటుంది, దుమ్ము పట్టి వదులవుతుంది. పొడుగు అయిదు మీటర్లు దాటకూడదు, అతుకులు వేసిన తీగ అసలే వద్దు. కంప్యూటర్ డబ్బా ముందువైపు ఉండే సాకెట్టుకు లోపల ఇంకో సన్నతీగ ఉంటుంది, దాన్ని నమ్మకుండా వెనకవైపు సాకెట్టులో పెట్టి చూడండి. ఇంకో మాట. లేజర్ ప్రింటర్‌ను చిన్న యూపీఎస్‌కు తగిలించేవాళ్లున్నారు. కాగితం మీద పొడిని కరిగించి అంటించడానికి ఆ యంత్రం లోపలి రోలరు బాగా వేడెక్కాలి, ఆ క్షణాన కరెంటు గబుక్కున లాగుతుంది. యూపీఎస్ కీచుమంటుంది, ఒక్కోసారి కంప్యూటరే ఆరిపోతుంది. దాన్ని నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టండి.

లిస్టులో ప్రింటరుంది, అయినా ప్రింటు లేదు. అయితే తర్వాతి చేయి, వరస. దీనికి మా వీధిలో జరిగింది చెప్తాను. వేసవి రాత్రి, కరెంటు పోయి వచ్చింది. ఎదురింటి అబ్బాయి వచ్చి, "సార్, నాలుగైదు తూర్లు నొక్కినా. లైటు ఎలుగుతా ఉండాది గానీ ఉలకదు పలకదు" అన్నాడు. వెళ్లి చూస్తే వాళ్ల అవ్వ ప్రింటర్ ముందు మంచం మీద కూర్చొని ఉంది. "కాగితం మింగిందేమో చూడు నాయనా" అంది. మింగలేదు. బ్రౌజరులో పైన అడ్రసు రాసేచోట లోకల్‌హోస్ట్, రెండు చుక్కలు, ఆరు మూడు ఒకటి అని కొట్టాం. కప్స్ సొంత పేజీ తెరుచుకుంది. ప్రింటర్ పేరు పక్కన పాజ్‌డ్ అని ఉంది. కింద అదే హాల్‌టికెట్టు ఒకదాని కింద ఒకటి నిలబడి ఉంది, అతను నొక్కినన్ని సార్లు. జరిగిందేమంటే, ప్రింటు సగంలో ఉండగా కరెంటు పోయింది, లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. కప్స్ చూసేసరికి అవతల ప్రింటర్ లేదు. అలాంటప్పుడు వరసను ఆపెయ్యమని కొన్నిచోట్ల సెట్టింగు ఉంటుంది, ఆపేసింది. కరెంటొచ్చాక మళ్లీ మొదలుపెట్టమని ఎవరూ చెప్పలేదు, అది నిలబడే ఉంది. ఒక్కటి ఉంచి తక్కినవి రద్దు చేసి, రెజ్యూమ్ ప్రింటర్ అన్నదాన్ని నొక్కితే గుర్రుమని రోలరు తిరిగింది. రద్దు చేయకుండా నొక్కి ఉంటే హాల్‌టికెట్లు అన్నీ వరసగా వచ్చేవి.

ఆ పేజీ కొన్ని పనులకు పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. అది మీరు కంప్యూటర్‌లోకి వెళ్లేటప్పుడు కొట్టేదే. ఒప్పుకోకపోతే మీ ఖాతా ఎల్‌పీ అడ్మిన్ అనే గుంపులో లేదని అర్థం. లైనక్స్ ఎక్కించిన కుర్రవాడిని పిలిచి చేర్పించుకోండి. టెర్మినల్ అలవాటున్నవాళ్లు ఎల్‌పీస్టాట్ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, టి అక్షరం పెడితే ఇదే సమాచారం అక్కడా వస్తుంది.

ఇక డ్రైవర్, ఫర్మ్‌వేర్. అసలు చిక్కంతా ఇక్కడే, కాస్త నిదానంగా చెప్పాలి. కంపెనీల పేర్లు తప్పవు, ప్రచారం కోసం మాత్రం కాదు. మన ఊళ్లలో ఏ షాపులో చూసినా రెండు చిన్న లేజర్ ప్రింటర్లు ఏళ్ల తరబడి కనపడుతున్నాయి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, క్యానన్ ఎల్‌బీపీ 2900. టోనర్ నింపే కుర్రవాడికి ఈ రెండూ అన్నదమ్ములే. ఒకదాని కార్ట్రిడ్జి 12ఏ, ఇంకోదానిది 303, లోపలి పొడి ఒకటే. హెచ్‌పీ లేజర్ యంత్రాలను లోపల తయారుచేసిచ్చింది చాలావరకు క్యాననే మరి. కానీ లైనక్స్‌కు మాత్రం ఇవి వేర్వేరు భాషల మనుషులు.

1020కి ఉన్న విచిత్రం ఏమిటంటే, దాని ఫర్మ్‌వేర్ దానిలో శాశ్వతంగా ఉండదు. స్విచ్చి వేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని తీగ ద్వారా ప్రింటర్‌లోకి పంపాలి. ఖర్చు తగ్గించడానికి తెలివిని కంప్యూటర్ వైపు నెట్టేశారన్నమాట. ఆ ఫర్మ్‌వేర్ ఫైలు హెచ్‌పీ సొత్తు, ఉచిత లైనక్స్‌లతో కలిపి ఇవ్వడానికి వీల్లేదు. అందుకని హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ వేరు, దానికి తోడుగా దించుకోవాల్సిన ప్లగిన్ వేరు. డ్రైవర్ అప్‌డేట్ అయి ప్లగిన్ పాతదే ఉండిపోతే రెండిటికీ పొసగదు. అప్పుడు ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో ప్రింటర్ కనపడుతుంది, వరస నడుస్తున్నట్టే ఉంటుంది, ఒక్కోసారి ప్రింటు పూర్తయిందని కూడా రాస్తుంది, కాగితం మాత్రం కదలదు. నిన్నటిదాకా బాగా పనిచేసి అప్‌డేట్ తర్వాత మూగబోతే మొదట అనుమానించాల్సింది దీన్నే. టెర్మినల్‌లో హెచ్‌పీ, అడ్డగీత, ప్లగిన్ అని కొట్టండి. నెట్టు ఉంటే సరిపడే ప్లగిన్‌ను అదే దించుకుంటుంది. ఆ తర్వాత ప్రింటర్ స్విచ్చి ఆర్పి వేస్తే లోపల చిన్న సవ్వడి వినపడుతుంది, అది మేలుకున్న గుర్తు.

క్యానన్ 2900 మాట్లాడేది క్యాప్ట్ అనే భాష. కంపెనీ లైనక్స్‌కు డ్రైవర్ ఇచ్చింది గాని అది పాత కాలపు కట్టడం. వెనక ఒక ప్రోగ్రాం ఎప్పుడూ నడుస్తూ ఉండాలి, 64 బిట్ మెషీన్లలో 32 బిట్ సరంజామా అడుగుతుంది. కొందరు ఔత్సాహికులు తీగ వెంట పోయే సంకేతాలను గమనించి, సొంతంగా ఇంకో డ్రైవర్ రాశారు. పనిచేస్తుంది, పెట్టుకోవడానికి ఓపిక కావాలి. సిరా ట్యాంకుల ఎప్సన్ ప్రింటర్లకు ఇంత గొడవ లేదు, వాటి డ్రైవర్ చాలా లైనక్స్‌ల సాఫ్ట్‌వేర్ భాండాగారాల్లోనే దొరుకుతుంది. ఎండాకాలం వాటి గొడవ వేరు, వాడకుండా వదిలేస్తే తల దగ్గర సిరా ఎండిపోతుంది. వారానికొక రంగుల కాగితం తీస్తూ ఉండండి.

కొత్త ప్రింటర్లకు డ్రైవరే అక్కర్లేదు. ఐపీపీ అనే ఉమ్మడి భాష వాటికి తెలుసు. కొత్త ఉబుంటూ, డెబియన్ లైనక్స్‌లలో ఐపీపీ యూఎస్‌బీ అనే ప్రోగ్రాం ఉంది, ప్రింటర్ తీగ తగిలించగానే అదే వెళ్లి పలకరించి పని మొదలుపెడుతుంది. బాగానే ఉంది కదా, ఇందులో చిక్కేమిటి? చెప్పాలంటే పోరుమామిళ్ల దాకా వెళ్లాలి.

బద్వేలు వైపు వాళ్లకు పోరుమామిళ్ల చెరువు కొత్త కాదు. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించాడు. భవదూరుడని ఇంకో పేరు. 1369 నాటి శాసనం ఉంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు కట్టారని అందులో రాశారు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు చెప్పి, ఉండకూడని ఆరు దోషాలు కూడా రాతి మీద చెక్కించారు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, నడుమ మిట్ట ఉండటం, కొద్ది నీళ్లకు ఎక్కువ నేల, కొద్ది నేలకు ఎక్కువ నీళ్లు, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం. ఆ చివరి దోషం ఉంది చూశారూ, అదే మన కొత్త ప్రింటర్లకు పట్టేది. యూఎస్‌బీ పరికరాన్ని ఒకేసారి ఇద్దరు పట్టుకోవడానికి లేదు. ఒకవైపు ఐపీపీ యూఎస్‌బీ నాదంటుంది. ఇంకోవైపు మీరో, పాత సలహా విన్న ఇంకెవరో పెట్టిన కంపెనీ డ్రైవర్ నాదంటుంది. లిస్టులో ఒకే ప్రింటర్ రెండు పేర్లతో కనపడుతుంది. ఒకదానికి పంపితే వస్తుంది, ఇంకోదానికి పంపితే ఎదురుచూస్తున్నానని కూర్చుంటుంది. హెచ్‌పీ సెటప్ అనే ప్రోగ్రాం అయితే అసలు ప్రింటరే దొరకలేదని చెప్తుంది, పక్కనే కూర్చొని ఉన్నా. మందు ఏమిటంటే, ఒక రాజ్యానికే అప్పగించడం. కొత్త ప్రింటర్ అయితే డ్రైవర్‌తో పెట్టిన పేరు తీసేసి ఐపీపీకే వదిలేయండి. స్కానర్ కంపెనీ డ్రైవర్‌తోనే నడిచే మోడల్ అయితే ఐపీపీ యూఎస్‌బీని ఆపించండి. రెండూ ఉంచుకుందామనే పేరాశ వద్దు.

కాగితం కొలత సంగతి చిన్నదే గాని తిప్పలు పెద్దవి. లైనక్స్ ఎక్కించేటప్పుడు భాష దగ్గర అమెరికా ఇంగ్లీషు ఎంచుకుంటే కాగితం లెటర్ సైజు అయి కూర్చుంటుంది. మనకు దొరికేది ఏ4. లెటర్ 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. ఏ4 210 వెడల్పు, 297 పొడవు. కొన్ని ప్రింటర్లు సర్దుకొని అంచులు కోసేస్తాయి. కొన్ని లెటర్ కాగితం పెట్టేదాకా నారింజ లైటు కొట్టుకుంటూ కూర్చుంటాయి. బద్వేలు మొత్తం వెదికినా ఆ కాగితం దొరుకుతుందని నేననుకోను. కప్స్ పేజీలో ఒకసారి, లిబ్రే ఆఫీసులో ఒకసారి, రెండుచోట్లా ఏ4 అని మార్చండి.

తెలుగు అక్షరాలు డబ్బాలుగా వస్తున్నాయని చాలామంది అడుగుతారు. అది ప్రింటర్ తప్పు కాదు, ఫాంటు లేకపోవడం. తెరమీద సరిగ్గా కనపడిన ఫైలును పీడీఎఫ్‌గా చేసి ప్రింటు తీస్తే చాలావరకు తీరుతుంది, ఎందుకంటే ఫాంటు ఫైలుతోపాటే పోతుంది. లోహిత్ తెలుగు ఉచితంగా దొరుకుతుంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్, ఉబుంటూ భాండాగారాల్లోనే ఉన్నాయి. పోతన మా ఒంటిమిట్టవాడా, ఓరుగల్లు బమ్మెరవాడా అన్న తగువు ఎప్పటికి తేలుతుందో గాని, ఫాంటు మాత్రం ఇరుపక్షాలకూ చెల్లుతుంది. పెళ్లిపత్రికల డీటీపీ వాళ్లిచ్చే అను ఫాంట్ల ఫైళ్ల కథ వేరు. అవి యూనికోడ్ కావు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలు వస్తాయి. వాళ్లనే పీడీఎఫ్ చేసి ఇమ్మనండి.

పోరుమామిళ్ల శాసనం గురించి ఇంకో మాట మిగిలింది. ఆ ఆరు దోషాల్లో కట్ట ఊరడం ఒక్కటే కట్టేవాళ్ల చేతిది. తక్కినవన్నీ చోటు ఎంచుకునేటప్పుడే నిర్ణయమైపోతాయి. యూఎస్‌బీ ప్రింటర్ విషయంలోనూ నేను చూసినంతలో కష్టాల్లో ఎక్కువ భాగం షాపులో బిల్లు కట్టేటప్పుడే ఖాయమవుతాయి. ఫర్మ్‌వేర్‌ను కంప్యూటర్ నుంచి తాగే ప్రింటర్ ఒక వెయ్యి తక్కువకు వచ్చిందని కొంటాం, ఆ వెయ్యిని ఏళ్ల తరబడి రాత్రి పదిన్నరకు కడుతూ ఉంటాం.

అసలు ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి మూలంలో ఉన్నదీ ఒక ప్రింటరే. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ అంతకుముందున్న ప్రింటర్ ప్రోగ్రాంను కాస్త మార్చుకున్నాడు. కాగితం ఇరుక్కుంటే, ప్రింటు కోసం ఎదురుచూస్తున్నవాళ్ల తెరల మీదికి కబురు వచ్చేది. కొత్తదానికీ అలా చేద్దామంటే జిరాక్స్ దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం అసలు రాత, ఇవ్వలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆ కోడ్ ఉన్న ఒకాయన దగ్గరకు వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒప్పుకున్నాను, ఇవ్వలేనన్నాడు. ఆ కోపం స్టాల్‌మన్‌లో చల్లారలేదు. 1983 సెప్టెంబరులో, ఎవరైనా చూసి మార్చుకోగల ప్రోగ్రాంల కోసం, గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ రాసిన లైనక్స్ కర్నెల్, అంటే గుండెకాయ లాంటి భాగం, దానికి తోడై మన ఇళ్లలోకి వచ్చింది. నలభై ఏళ్లు దాటినా 1020 ఫర్మ్‌వేర్ ఫైలు దగ్గర మనమూ అదే తలుపు తడుతున్నాం.

అంచేత కొనేటప్పుడు అడగాల్సినవి అడగండి. ఎయిర్‌ప్రింట్ అనో, ఐపీపీ ఎవ్రీవేర్ అనో డబ్బా మీద ఉంటే చాలావరకు నిశ్చింత. అంగట్లో అబ్బాయిని అడిగితే "లైనక్సా? దానికి రాదు సార్" అంటాడు. అతన్ని తప్పు పట్టనక్కర్లేదు, అతనికెవరూ చూపించలేదు. మీరే ఒక పెన్ డ్రైవులో లైనక్స్ మింట్ వేసుకొని వెళ్లండి. అంగట్లోని కంప్యూటర్‌ను చాలావరకు ఆ పెన్ డ్రైవు నుంచే నడిపించవచ్చు, వాళ్ల హార్డ్ డిస్కును ముట్టుకోదు, తీసేస్తే ఏ గుర్తూ మిగలదు. ముందే ఆ మాట చెప్పి, యజమానిని ఒప్పించి, ప్రింటర్ తీగ తగిలించి, ఒక టెస్ట్ పేజీ, ఒక తెలుగు పేజీ తీయించండి. రెండూ వచ్చాకే బిల్లు రాయమనండి.